విత్తనం మూటల మీద ఫ్యూజుబోర్డు

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను. మనసు ఊరుకోలేదు.

పాత ఇళ్లలో ఫ్యూజుబోర్డులు చూసి, నిప్పు భయం ఎంతో చెప్పడం నా పని. మరమ్మతు కొన్నాళ్లు ఆగగలిగితే నా పుస్తకంలో పసుపు గీత, వెంటనే చేయాల్సిందైతే ఎర్ర గీత. ఈ రోజు గార్లదిన్నె దగ్గర మా బంధువు ఓబులేసు ఇంటికి వెళ్లాను. కరెంటు లేదు. పింగాణీ ఫ్యూజు లాగి చూస్తే, సన్నతీగ ఉండాల్సిన చోట లావు రాగితీగ! కరెంటు ఎక్కువ లాగితే తాను కాలిపోయి ఇంటిని కాపాడడమే ఉద్యోగంగా ఉన్నది లోకంలో ఆ సన్నతీగ ఒక్కటే, దాన్నీ పని చేయనివ్వం. బోర్డు కింద విత్తనపు శెనక్కాయ మూటలు, పక్కనే వాళ్లమ్మ మంచం. ఎర్ర గీత గీశాను.

"ఏమప్పా, ఇది ఎవరు కట్టినారు?"

"నేనే మామా. సన్నది మోటరు వేస్తానే పోతాంది. కరెంటు ఉండేదే కొంచేపు. నీళ్లు పట్టుకునేదా, ఫ్యూజు కట్టుకునేదా?"

"మూటలన్నా జరుపు."

"వాన పడితే చేనికే పోతాయి కదా!"

తీగ మార్చబోతే చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్లు పట్టినాక మార్చు మామా."

మీ ఇంట్లో ఫ్యూజు కింద ఏముందో చూసి చెప్పండి. ఓబులేసు మాత్రం మబ్బుల వైపు చూస్తున్నాడు.

నేను బండి తీస్తుండగా కరెంటు వచ్చింది. మోటరు తిరిగింది. ఫ్యూజు పోలేదు.