రానివాళ్ళ మాస్టారు

మా లెక్కల మాస్టారు పోయారని మొన్న సోమవారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గుంటూరు నుంచి వెళ్ళేసరికి వాళ్ళ వాకిలి నిండా జనం. అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది ఎవరా అని చూశాను. అప్పట్లో కోతలకని బడి ఎగ్గొట్టినవాళ్ళే! చావింట్లో అనకూడదు గానీ, నాకు ఒళ్ళు మండింది. ఆఖరికి ఏడవడంలోనూ వాళ్ళే ముందు.

విషయం విన్నవించుకుంటాను. ఆరేడేళ్ళ కిందట, సత్తెనపల్లి దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతి. టౌన్లోని ఇంగ్లీషు మీడియం బడి వ్యాను అప్పుడే మా ఊళ్ళోకి రావడం మొదలెట్టింది. మా పెదనాన్న కొడుకు టై కట్టుకుని అందులో వెళ్ళేవాడు. వాళ్ళకు ఏ నెలలో చూసినా బెంచీలు నిండుగానే ఉండేవట. మాకు జూన్‌లో కిటకిట, పత్తి తీతలకు సగం, మిరపకోతలు వచ్చేసరికి ఆడపిల్లల వైపు మొత్తం ఖాళీ. మాస్టారు హాజరుపట్టీ చూసి, ఎవరి చేలో ఏ కోత నడుస్తోందో కూర్చున్నచోటి నుంచే చెప్పేవారు. రానివాళ్ళ పేర్లు రెండేసిసార్లు పిలిచేవారు, గుమ్మం దాకా వచ్చి ఉంటారేమోనని. నా పేరు ఒక్కసారే.

సాయంత్రం సైకిలెక్కి వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళేవారు. మర్నాడు వాళ్ళ గొప్పలు మేం భరించాలి. "ఒరేయ్, మాస్టారు మా మంచం మీద కూర్చున్నార్రా!"

ఉండబట్టలేక ఓ రోజు అడిగేశాను, మా ఇంటికెప్పుడొస్తారని.

"నువ్వు రేపూ వస్తావుగా, మీ ఇంటికెందుకురా?" అన్నారు.

బుద్ధిమంతుడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? వెంటనే జ్వరం తెచ్చుకున్నాను. మూడో రోజు సాయంత్రం సైకిలు మా వాకిట్లో ఆగింది. దుప్పట్లో దూరి, శాయశక్తులా మూలిగాను.

"చాల్లే, లేరా. కోటేశ్వరి వారం నుంచి రావట్లేదు. వాళ్ళ చేను నీకు తెలుసుగా, దారి చూపిద్దువుగాని."

నా కోసం కాదు, దారి కోసం!

చేలో కోటేశ్వరి వాళ్ళమ్మ నడుం ఎత్తకుండానే అంది: "మనుషులు దొరకట్లేదండీ. పిల్లని పంపితే ఈ సాళ్ళెవరు కోస్తారు?"

"వీడు కోస్తాడమ్మా. పిల్లని అరగంట నాకివ్వు."

"వీడా? కాయ కోయమంటే కొమ్మ విరిచేట్టున్నాడు!"

కోటేశ్వరి గట్టు మీద ఆయన పక్కన కూర్చుని లెక్కలు చేసింది. నేను వంగి పండుమిరప కోస్తూ, ఆయన "శెభాష్" అన్నప్పుడల్లా తలెత్తి చూసి కుళ్ళుకున్నాను. అరగంట కాస్తా గంటయింది.

"పర్లేదండీ, రేపూ పంపండి ఈ అబ్బాయిని," అంది వాళ్ళమ్మ.

"వీడు రేపు బడికొస్తాడు. నీ కూతుర్నీ పంపు. ఆదివారం నేనూ వీడూ వచ్చి కోస్తాం."

ఆమె నవ్వేసింది. కోటేశ్వరి మర్నాడే బడికొచ్చింది. నా ఆదివారాలు ఎటు పోయాయో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం చేలోంచి ఇంటికొచ్చేసరికి మిరప ఘాటుకు నా చేతులు భగభగమంటున్నాయి. అమ్మ మాస్టారికి గ్లాసుడు మజ్జిగ తెచ్చింది. ఆయన తాగలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఆ మజ్జిగే నా అరచేతుల మీద సన్నగా ధార పోస్తూ, సుద్ద అంటిన వేళ్ళతో నా వేళ్ళు ఒక్కొక్కటే రుద్దారు.

"తగ్గిందిరా?"

తగ్గింది. లేదన్నాను. అమ్మ ఇంకో గ్లాసు తెచ్చింది. ఆయన అదీ పోశారు.