సిక్సర్ కొట్టి నిలబడిపోయిన రోజు

పాతికేళ్ల వయసులో మనిషికి ఒక గొప్ప సదుపాయం ఉంటుంది. తనకు తెలిసిన ఆటే లోకమంతా ఆడుతోందనీ, తన ఊళ్లో మర్యాద అనిపించుకున్నది ఎక్కడికి వెళ్లినా మర్యాదేననీ ఏ అనుమానమూ లేకుండా నమ్మేస్తాడు. ఆ రోజుల్లో నేను ఆ సదుపాయంతోనే సింగపూర్‌లో దిగాను. అంతకుముందు మూడేళ్లు ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా మండలాల వార్తలకు శీర్షికలు పెట్టాను. ఆదివారాలు విలేకరుల జట్టు తరఫున క్రికెట్ ఆడాను. (ఒకసారి రెవెన్యూ ఉద్యోగుల మీద యాభై రెండు పరుగులు చేశాను. ఆ వార్త మా పేపర్లోనే లోపలి పేజీలో వచ్చింది. వేసింది ఎవరని అడక్కండి.)

చాంగీ బిజినెస్ పార్క్‌లో నేను చేరింది చిన్న కంపెనీ. ఆసియా దేశాల పత్రికల్లో వచ్చిన వార్తలను కుదించి ఇంగ్లీషులోకి మార్చి ఖాతాదారులకు పంపడం మా పని. భాషకొకరం ఉండేవాళ్లం. ప్రతివాడి చెవులకూ హెడ్‌ఫోన్లు, ప్రతివాడి ముందూ వేరే లిపి. పొద్దున 'మార్నింగ్' అనేవాళ్లు, సాయంత్రం 'బై' అనేవాళ్లు, మధ్యలో ఎనిమిది గంటలు నిశ్శబ్దం. జిల్లా డెస్కులో టీ గ్లాసు కింద పెట్టకుండా రాజకీయాలు మాట్లాడిన నాకు నెల తిరిగేసరికి పిచ్చెక్కినంత పనయింది. ఆ ఆఫీసులో మనుషులు మనుషుల్లా నవ్వుకునేది ఒక్కచోటే అని తర్వాత తెలిసింది. అది శనివారం సాయంత్రాలు ఆడే బేస్‌బాల్ జట్టు. మా చీఫ్ ఎడిటర్ అమెరికావాడు, యాభై దాటినవాడు, దానికి కెప్టెన్. సోమవారం లంచ్ బల్ల దగ్గర ఆ జట్టువాళ్లందరూ ఒకవైపు చేరి మ్యాచ్ గురించి గొడవపడుతుంటే, నేను ఇటువైపు నా డబ్బా తెరుచుకుని కూర్చునేవాణ్ని. ఎలాగైనా ఆ బల్లకు అవతలివైపు వెళ్లి కూర్చోవాలని ఒక సోమవారం నిర్ణయించుకున్నాను.

"ఎప్పుడైనా ఆడావా?" అన్నాడు కెప్టెన్.

"క్రికెట్ ఆడాను సార్. యాభై రెండు..."

"అయితే ముందు అది మర్చిపోయి రా," అన్నాడు.

మర్చిపోవడానికి మూడు నెలలు పట్టింది. మర్చిపోయేలా చేసింది మా ఇంటి ఆంటీ. పుంగ్గోల్‌లో నేను గది అద్దెకు తీసుకున్న ఫ్లాట్ ఆవిడది. ఆవిడ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినాయన. ఆవిడ మాటలో సగం శ్రీకాకుళం, పావు అరవం, మిగతా పావు మలయ్, వాక్యం చివర మాత్రం ఖాయంగా సింగపూర్. ఆంటీ చదువుకునే రోజుల్లో స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడిందట. ఇది బేస్‌బాల్‌కు చెల్లెలి వరస ఆట. మా బ్లాక్ కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో బంతాట ఆడరాదని బోర్డు ఉండేది. అందుకని ఆంటీ పాత పేపర్లు ఉండలా చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, "ఇది బాల్ కాదు లా, పేపరు. ఎవడడుగుతాడు?" అనేది. బట్టలారేసే వెదురు గడను నా ఎత్తుకు తగ్గట్టు కోసి నా చేతికిచ్చింది.

"ఏటి తంబీ అది? నేల తుడుస్తన్నావా?" అనేది, నేను బ్యాట్ కిందికి దించి బుద్ధిగా బంతిని ఆపినప్పుడల్లా. "భుజం మీదికెత్తు! మీ ఆఫీసోడి మీద కోపం తెచ్చుకో! అలామాక్, అయ్యయ్యో, కళ్లు మూసీకు!"

రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఒక గంట. వందసార్లు తిప్పితే తొంభైసార్లు గాలికి తగిలేది. వదల్లేదు. భుజం పట్టేస్తే నొప్పి తగ్గే నూనె రాసుకుని మర్నాడు మళ్లీ దిగాను. మూడు నెలల పాటు శనివారాలు జట్టుకు మంచినీళ్ల డబ్బాలు మోశాను. చివరికొక శనివారం ఎవరో ఊళ్లో లేకపోవడంతో కెప్టెన్ నావైపు చూసి, నిట్టూర్చి, చొక్కా విసిరాడు. బ్యాటింగ్‌లో నాది చిట్టచివరి స్థానం.

అవతలిది ఒక జపాన్ కంపెనీ జట్టు. బంతి వేసేవాణ్ని ఈ ఆటలో పిచర్ అంటారు. వాళ్ల పిచర్ అరవై దగ్గరపడ్డ పెద్దాయన. సన్నగా, నిటారుగా ఉన్నాడు. బంతి వేసే ముందు ప్రతిసారీ టోపీ సరిచేసుకునేవాడు. నా వంతు వచ్చింది. ఆఫీసోడి మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను గానీ చొక్కా ఇచ్చింది ఆయనే కావడంతో కుదరలేదు. రెండో బంతికి కళ్లు మూసుకునే తిప్పాను. టక్కుమని చప్పుడు. కళ్లు తెరిచి, అందరి తలలూ ఎటు తిరిగాయో అటు చూస్తే, బంతి కంచె దాటి అవతల కాలువలో పడుతోంది.

ఇప్పుడు క్రికెట్ ఎరిగిన పాఠకులు నా పక్షాన నిలబడాలని మనవి. బంతి గీత దాటి అవతల పడింది. అంటే సిక్సర్. సిక్సర్ కొట్టినవాడు పరిగెత్తడు. ఇది నాకు నడక కంటే ముందు వచ్చిన విద్య. కాబట్టి నేను నిలబడ్డాను. బ్యాట్ పైకెత్తి మా జట్టు వైపు చూపించాను. ఆ రోజు నాతో వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్న ఆంటీ వైపు చూపించాను. పక్షపాతం ఎందుకని అవతలి జట్టు వైపూ, ఆ తర్వాత కార్ల పార్కింగ్ వైపూ చూపించాను. హెల్మెట్ తీసి ఆకాశం వంక చూశాను. అందరూ ఏదో అరుస్తున్నారు. మెచ్చుకోలే అనుకున్నాను. ఆ మెచ్చుకోలుకు వినయంగా తలూపి, నాలుగడుగులు ముందుకు నడిచి, పిచర్ పెద్దాయన కళ్లెదుటే బ్యాట్ మొనతో నేల మీద గడ్డలేమైనా ఉన్నాయేమోనని తట్టాను. మంచి బ్యాట్స్‌మన్ అలా తడతాడు.

"పరుగెట్రా తంబీ! పరుగెట్టు లా!" అని ఆంటీ కుర్చీలోంచి లేచి అరిచేదాకా, అంపైర్ వచ్చి, "సర్, మీరు నాలుగు బేసులూ చుట్టి రావాలి," అని మెల్లగా చెప్పేదాకా నాకు సంగతి తెలియలేదు. ఈ ఆటలో బంతి ఊరు దాటితే దాన్ని హోం రన్ అంటారు, అయినా నాలుగు మూలల్లో ఉన్న బేసులన్నీ తాకుతూ చుట్టూ తిరిగి రావాల్సిందే. సరే, తిరిగాను. కాకపోతే బ్యాట్ అక్కడే పడేసి పరిగెత్తాలని మర్చిపోయాను. బ్యాట్ చేత్తో పట్టుకునే వెళ్లి, రనౌట్ కాకుండా ప్రతి బేసు దగ్గరా వంగి దాన్ని నేలకు ఆనించి మరీ తిరిగి వచ్చాను.

మా జట్టు నన్ను కౌగిలించుకుంటుందనుకున్నాను. మా డెస్కులో కొరియా పేపర్లు చూసే అన్న ఒక్కడే గెంతుతున్నాడు. మిగతావాళ్లు బూట్లు చూసుకుంటున్నారు. ఇంతలో పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది. ఈ ఊళ్లో అది మోగితే మైదానం ఖాళీ చేయాల్సిందే. అందరం షెడ్డు కిందికి పరిగెత్తాం. పిడుగులు బయట పడ్డాయో లేదో తెలియదు గానీ, షెడ్డు కింద మాత్రం ఒకటి పడింది.

"నువ్వేం చేశావో తెలుసా?" అన్నాడు కెప్టెన్. "కొట్టిన బంతిని చూస్తూ నిలబడ్డావు. మా ఊళ్లో ఒక్క సెకను ఎక్కువ చూస్తే చాలు, గొడవలవుతాయి. నువ్వు నాలుగు దిక్కులకూ ప్రదర్శన ఇచ్చావు. ఆయన ముఖం ముందుకెళ్లి నేల తవ్వావు. బ్యాట్ పట్టుకుని ఊరేగావు."

"అది మా దగ్గర..."

"ఆయనకిది చివరి మ్యాచ్. వచ్చే వారం జపాన్ వెళ్లిపోతున్నాడు."

చేతిలో ఇంకా ఉన్న బ్యాట్‌ను మెల్లగా వీపు వెనక్కి దాచుకున్నాను.

"తప్పల్లా బ్యాట్ విసరకపోవడమే," అన్నాడు కొరియా అన్న, నన్ను వెనకేసుకొస్తూ. "మా దగ్గరైతే అది గాల్లో గిర్రున తిరిగేలా విసురుతారు. పిచర్ కూడా ఏమీ అనుకోడు. నువ్వు అన్నీ చేసి అసలుది వదిలేశావు."

"మా దగ్గర ఇంత కొట్టి కూడా డాన్స్ చేయకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు," అన్నాడు డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన ఇంకో ఆటగాడు, కడుపుబ్బ నవ్వుతూ.

"మీ ఊళ్ల సంగతి వదిలెయ్యండి," అన్నాడు కెప్టెన్. "ఒరే అబ్బాయ్, నీ వంతు మళ్లీ వస్తుంది. ఆయన బంతి తీసుకుని నీ పక్కటెముకల మీద వేస్తాడు. అది ఆయన హక్కు. నువ్వు తప్పుకోకూడదు. తగిలాక తగిలిన చోట రుద్దుకోకూడదు. నడుచుకుంటూ మొదటి బేసుకు వెళ్లాలి. లెక్క సరిపోతుంది." (ఆయన 'కిడ్' అన్నాడు. ఆ గొంతుకు 'ఒరే అబ్బాయ్' అనే నాకు వినిపించింది.)

"ఈ రూలు ఎక్కడ రాసుంది సార్?" అన్నాను. డెస్కు మనిషికి ఆధారం కావాలి కదా.

"ఎక్కడా రాయలేదు. రాసిన రూలైతే నీకు చెప్పే పని లేదు, చదువుకునేవాడివి. తప్పుకున్నావంటే మాత్రం వచ్చే శనివారం నుంచి రానక్కర్లేదు."

మూడు నెలల వెదురు గడా, మంచినీళ్ల డబ్బాలూ, ఆ లంచ్ బల్లా కళ్ల ముందు తిరిగాయి. ఆంటీ దగ్గరికి వెళ్లి కూలబడ్డాను. "హోం రన్ కొడితే ఏం చెయ్యాలో ఒక్కసారైనా చెప్పలేదేంటాంటీ?"

"నువ్వు కొడతావని ఎవడనుకున్నాడు లా?" అంది ఆవిడ, డబ్బాలోంచి ఒక కర్రీ పఫ్ తీసి ఇస్తూ. "ముందు మకాన్ చెయ్యి. ఖాళీ కడుపుతో దెబ్బ తింటే కళ్లు తిరుగుతాయి. ఐసు తెచ్చాను, బయపడకు."

అరగంట తర్వాత వాన వెలిసి ఆట మళ్లీ మొదలైంది. నా వంతు వచ్చేసరికి నిర్ణయం గట్టిగా తీసేసుకున్నాను. కదలను. రుద్దుకోను. ఎముక విరిగితే విరగనీ, ఆ బల్ల దగ్గర కుర్చీ మాత్రం వదలను. వెళ్లి నిలబడ్డాను. ఎడమ పక్కటెముకలను కాస్త ముందుకు పెట్టి, ఆయనకు గురి చూసుకోవడం సులువయ్యేలా కూడా చేశాను. పళ్లు బిగించాను. పెద్దాయన టోపీ సరిచేసుకుని విసిరాడు. బంతి నన్ను ముట్టుకోకుండా నడిమధ్య నుంచి వెళ్లింది. "స్ట్రైక్!" అన్నాడు అంపైర్. అందే బంతిని వదిలేస్తే పడే లెక్క అది, మూడైతే అవుట్. గురి తప్పిందనుకున్నాను. పాపం, వయసు. ఇంకాస్త ముందుకు జరిగాను. రెండోది కూడా నడిమధ్య నుంచే వెళ్లింది. ఇక ఖాయంగా మూడోదే అనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. మూడో స్ట్రైక్. అవుట్. బ్యాట్ భుజం మీది నుంచి అంగుళం కూడా కదల్లేదు.

మ్యాచ్ ముగిశాక నేరుగా ఆయన దగ్గరికి నడిచాను. క్షమాపణ చెప్పడం కూడా రాయని రూళ్లలో నిషిద్ధమేమో తెలియదు. ఏమైనా కానీ చెప్పే తీరాలనుకున్నాను. ఆయన గుడ్డతో బూట్లకంటిన మట్టి తుడుచుకుంటున్నాడు. నేను మొదలుపెట్టేలోపే తలెత్తి, "ఎందుకు ఆడలేదు?" అని అడిగాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ వచ్చే ఇంగ్లీషు.

"మీరు నన్ను కొడతారన్నారు సార్. నేను మీ ముందు బ్యాట్ ఎత్తి... అవమానించానని..."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "నాలుగు వైపులా చూపించావు. బేసు బేసుకీ వంగి తాకించావు. మా దేశంలో పిల్లలు ఆడుకున్న మైదానానికి వంగి దండం పెట్టి వెళ్తారు. మీ దేశంలో ఇలా పెడతారేమో అనుకున్నాను. బాగుందనుకున్నాను." మళ్లీ గుడ్డ తీసుకుని మడత పెట్టాడు. "తర్వాత నీకు మూడు మంచి బంతులు వేశాను. ఈ చేతిలో మిగిలినవి అవే. నువ్వు ఒక్కదానికీ బ్యాట్ ఎత్తలేదు. అది బాగాలేదు."

ఒంటి మీద బంతి పడితే ఎంత నొప్పి పుడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. అంతకంటే ఎక్కువే నొప్పి పుట్టి ఉంటుంది ఆ మాటకు.

"ఇంకో మూడు వేస్తారా సార్?" అన్నాను.

సామాన్లు సర్దుకుంటున్నవాళ్లు ఆగారు. పెద్దాయన బూట్ల తాళ్లు బిగించి లేచాడు. చేతి తొడుగు వేసుకుని తడిసిన గడ్డి మీదుగా నడిచి తన చోటికి వెళ్లాడు. నా వెనక ఎవరో మోకాళ్లు విరుచుకుంటూ కూర్చున్న చప్పుడైంది. తిరిగి చూస్తే కెప్టెన్, బంతి పట్టుకోవడానికి.

మొదటి బంతికి ఎంత బలంగా తిప్పానంటే హెల్మెట్ ఎగిరి దొర్లుకుంటూ పోయింది. తగల్లేదు. రెండోదానికి నేనే ఒక చుట్టు తిరిగి చతికిలబడ్డాను. లేచి మట్టి దులుపుకున్నాను. మూడోది తిన్నగా వస్తున్నట్టే వచ్చి, చివర్లో నా బ్యాట్ కింది నుంచి మెల్లగా వంగి దిగిపోయింది. అంత అందమైన బంతిని నేను అంతకుముందు చూడలేదు. అదీ తగల్లేదు. పెద్దాయన టోపీ తీసి నావైపు వంగాడు. దానికి ఏ దేశపు మర్యాద ప్రకారం ఏం చెయ్యాలో తెలియక, బ్యాట్ జాగ్రత్తగా కింద పెట్టి రెండు చేతులూ జోడించాను. కెప్టెన్ లేచి, ప్యాంటు దులుపుకుంటూ, "శనివారం నాలుగింటికి. బ్యాట్ పడేసి పరిగెత్తడం నేర్చుకుని రా," అన్నాడు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆడాను. బంతులు చాలా కొట్టాను. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు తల దించుకుని పరిగెత్తాలో, ఎవరి ముందు ఎంత నవ్వాలో అన్నీ నేర్చుకున్నాను. ఆటలోనే కాదు, ఆఫీసులో కూడా. ఇప్పుడు నన్నెవరూ తప్పు పట్టలేరు. అయినా ఆ వాన వెలిసిన సాయంత్రం, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మూడు బంతులకూ గాలినే కొట్టి, ఏదో సాధించినట్టు వెలిగిపోతూ నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది. తర్వాత కొంచెం, మరీ కొంచెమే, వాడి మీద అసూయ కలుగుతుంది.