ఇడ్లీ పిండికి కరెంటు దుప్పటి

కారవాన్‌కి, అంటే చక్రాల మీది ఇంటికి, ఒక కంపు ఉంటుంది. తడి సాక్సులు, గ్యాసు, నిన్నటి చేపల పులుసు, గోడల బూజు, అన్నీ ఒక రేకు డబ్బాలో కుక్కి మూత బిగిస్తే పుట్టే కంపు. మొదట్లో మాతోపాటు ఒక ఎలుక ఉండేది. వారం తిరక్కుండా సామాను సర్దుకుని వెళ్లిపోయింది. ముందు కాలితో ముక్కు మూసుకుని, మిగతా మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వెళ్లడం నేను కళ్లారా చూశాను. మా ఆవిడ నమ్మదు. పోనీ, ఎలుక ఏదీ మరి?

ఈ చలిదేశంలో, ట్రాలీ అనే ఊళ్లో మేం అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మేసుకున్నాడు. లీజు అయిపోయింది. ఇంకో ఇల్లు చూద్దామని ఎక్కడికెళ్లినా గుమ్మం ముందు పెళ్లి భోజనాల బంతికి నిలబడ్డట్టు జనం. చివరికి ఊరి బయట ఒక రైతు తన పొలం మూల కారవాన్ పెట్టుకోమన్నాడు. కరెంటు లైను లేదు. కప్పు మీద ఒక సోలార్ పలక, సీటు కింద పెట్టెలో ఒక బ్యాటరీ, దాన్ని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు. ఇంతే మా విద్యుత్ శాఖ. ఈ కెర్రీ జిల్లాలో సూర్యుడు చుట్టపుచూపుగా వస్తాడు, కాఫీ అయినా తాగకుండా పోతాడు.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నేను ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తాను. మూడో మనిషి మా అత్తగారు. నాలుగు నెలలు మాతో ఉందామని గుంటూరు నించి వచ్చారు, వచ్చాక ఇల్లు పోయింది. వెనక్కి పంపిస్తానంటే, "నా కూతురు డబ్బాలో ఉంటే నేను మేడలో పడుకుంటానా?" అన్నారు. ఆవిడకి ఉబ్బసం. నెబ్యులైజరు పెట్టుకోవాలి. మందుని పొగలా చేసి మాస్కులోకి ఊదే యంత్రం అది. దానికి కరెంటు కావాలి.

అందుకని మా ఆవిడ శాసనం చేసింది. బ్యాటరీ ముందు అమ్మ యంత్రానికి. మిగిలితే ఫోన్లకి, ఇంకా మిగిలితే ఒక బల్బుకి. మిక్సీ, ఇస్త్రీపెట్టె, కెటిల్ పేరెత్తకూడదు. నేను బూజు తుడిచేవాణ్ణి, అది మర్నాటికి ఇంకా నల్లగా మొలిచేది. మరుగుదొడ్డి డబ్బా మోసుకెళ్లి పారబోసే గౌరవం కూడా నాదే. ఆ డబ్బాలోని నీలం మందు వాసన ఒకసారి ముక్కుకెక్కితే కాఫీలోనూ అదే, మల్లెపూల సబ్బులోనూ అదే. థూ!

ఆ ఆదివారం చర్చిలో తెలుగువాళ్ల భోజనాలు. ఇడ్లీలు అత్తగారు ఒప్పుకున్నారు. పప్పు ఊళ్లో తెలిసినవాళ్లింట్లో రుబ్బుకొచ్చారు, బాగానే ఉంది. పులియడం ఎలా? పాత ఇంట్లో అయితే వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమర ఉండేది, హాట్ ప్రెస్ అంటారిక్కడ. తువ్వాళ్ల మధ్య గిన్నె పెడితే తెల్లారేసరికి పిండి బెలూన్‌లా లేచేది. ఇక్కడ ఏ మూల చూసినా ఐసుగడ్డే.

శనివారం పొద్దున మా ఆవిడ కారేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాక, కీచుమని చప్పుడైతే లేచాను. ఇన్వర్టరు అరుస్తోంది. బ్యాటరీ అయిపోయింది. సీటు పలక ఎత్తితే, చలికి పక్క వెచ్చబెట్టుకునే కరెంటు దుప్పటి. ఏ పసిబిడ్డకో చుట్టినట్టు అత్తగారు దాన్ని పిండిగిన్నెకి చుట్టి, ప్లగ్గు పెట్టి, రాత్రంతా వదిలేశారు. పిండి పొంగి మూత తోసుకుని, దుప్పటి బొచ్చులో ఇంకి, బ్యాటరీ పెట్టెలోకి కారింది. ఎలుక వదిలేసి వెళ్లిన పెంటికలు దాంట్లో తేలుతున్నాయి. తీగల మీద బుడగలు. పైగా పుల్లటి వాసన.

"అత్తయ్యగారూ, ఏంటండీ ఈ పని?"

"ఊరంతటికీ చాలే బ్యాటరీ అని కోతలు కోశారుగా. గిన్నెడు పిండికి చాలదా?"

"పిండికి దుప్పటా అండీ? జోల కూడా పాడారా?"

నవ్వబోయారు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఈలయింది. ఇన్‌హేలర్ నొక్కారు. ఉత్త గాలి. యంత్రం నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. మా ఆవిడది డ్యూటీ గొంతే, తొణకదు. "అమ్మ మధ్యలో ఊపిరికి ఆగకుండా వాక్యం మొత్తం చెప్పగలుగుతోందా?"

"వాక్యమేంటి, పేరాలు పేరాలు తిడుతున్నారు."

"తిట్టనీండి. మధ్యలో ఆగిందంటే వెంటనే అంబులెన్సుకి చెయ్యండి. ఎలాగైనా ఆ యంత్రం నడిపించండి."

ఫోన్ దించేసరికి అత్తగారు తిట్టడం మానేశారు. "మీ... బ్యాటరీ..." అని ఆగిపోయారు. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది. నేను కథలు చెప్పే మనిషినే గానీ, అది మాత్రం కథ కాదు.

అంబులెన్సుకి చేశాను. బయల్దేరింది, టైం పడుతుందన్నారు. బయట రైతు పేడనీళ్ల ట్యాంకరు తగిలించుకుని పొలానికి ఎరువు కొడుతున్నాడు. బురదలో, పేడలో, చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఏం చెప్పానో తెలీదు. అతను ట్యాంకరుని గేటు దగ్గరే ఊడదీసి, ట్రాక్టరుని కారవాన్ తలుపు దాకా తెచ్చాడు. "దీనికీ బ్యాటరీ ఉందిగా!" అన్నాడు. ఇన్వర్టరు బయటికి లాగి, పిండి జిగురుతో చేతులు జారుతుంటే, ఎర్ర క్లిప్పూ నల్ల క్లిప్పూ ట్రాక్టరు బ్యాటరీకి తగిలించాం. అత్తగారిని గుమ్మంలో కూర్చోబెట్టి మాస్కు పెట్టాను.

యంత్రం బుర్రుమంది. తెల్లటి పొగ. వాన, డీజిలు, పేడ, పులిసిన పిండి. అంత రోత వాసనలో ఆవిడ ఊపిరి వెతుక్కుంటున్నారు. నేను గొడుగు ఇన్వర్టరు మీద పట్టుకుని మెడ దగ్గర ఆ గుంటనే చూస్తూ నిలబడ్డాను. రైతు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

చాలాసేపటికి గుంట లోపలికి పోవడం తగ్గింది. ఆవిడ మాస్కు పక్కకి లాగారు.

"అల్లుడుగారూ, ఆ పిండి పారబొయ్యకండి, పైపైన తీస్తే లక్షణంగా ఉంటుంది."

వాక్యం మొత్తం! ఫోన్ చేసి చెప్పాను.

"ఏమంది?" అంది మా ఆవిడ. చెప్పాను. "ఛీ!" అంది, గొంతు వణికింది.

అత్తగారు ఏమన్నారని రైతు అడిగాడు. చెప్తే, "అయితే గ్రాండ్," అని టోపీ పెట్టుకున్నాడు. ఇక బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్ల మాట అది.

అంబులెన్సువాళ్లొచ్చి ఛాతీ విని, వేలికి క్లిప్పు పెట్టి చూసి, కాసేపు కనిపెట్టుకుని ఉన్నారు. ప్రమాదం తప్పింది, మళ్లీ ఆయాసం వస్తే ఆగకండి, సోమవారం జీపీకి, అంటే ఊళ్లో మామూలు డాక్టరుకి, చూపించండి అని వెళ్లారు.

తర్వాత నేను మోకాళ్ల మీద కూర్చుని పెట్టెలోంచి పిండి గరిటెతో గీకాను. బొచ్చు, పెంటికలు, తుప్పు. రెండుసార్లు బయటికెళ్లి కక్కొచ్చాను. వెనక మంచం మీంచి అత్తగారు మొదలెట్టారు. గరిటె పట్టుకోవడం రాదన్నారు, మంచి పిండి నేలపాలు చేస్తున్నానన్నారు, కరెంటు లేని కొంపలో కూతుర్ని పెట్టానన్నారు, మా వంశంలో ఎవరికీ ఇడ్లీ రుచి తెలీదన్నారు. ఎక్కడా ఊపిరి తెగలేదు.

"ఆఁ? వినపళ్లేదండీ," అన్నాను.

మళ్లీ మొదట్నించీ తిట్టారు.