కెమెరా దొరికింది, కెమెరా పోయింది

మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న మనిషి మంచినీళ్లకని లేస్తే, తిరిగొచ్చేసరికి ఫ్యాను ఆగి ఉంటుంది. రోహిణి కార్తెలోనూ అంతే. దీని మీద చాలాసార్లు ఫిర్యాదు చేశాను. ఫిర్యాదు వినవలసిన మనిషీ, ఫ్యాను ఆపే మనిషీ ఒకరే కావడంతో విషయం ముందుకు సాగలేదు. ఆ మనిషి మా అమ్మ, లాలాగూడ మిషన్ బడిలో టీచరుగా చేసింది. పిల్లలు వెళ్లిపోయాక స్విచ్చులన్నీ ఆపి, గదిని ఒకసారి కలయజూసి, అప్పుడు తలుపు వేసేది.

ఆ బడి నుంచి ఆమె రిటైరైన రోజు ఫోటోలు తీసింది నేనే. డిజిటల్ కెమెరా మాత్రం నాతో పనిచేసే బొల్లారం మిత్రుడిది. ఇంటికి రాగానే అమ్మ దాని చిన్న తెరలో ఆరో తరగతి పిల్లల్ని చూసుకుంది. ఒక్కొక్కరి ముఖం గోరంత ఉంది. "పెద్దగా ఎప్పుడు కనబడతారు?" అంది. "రేపే," అన్నాను.

మర్నాడు పొద్దున్నే మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, సాయంత్రం బెంగుళూర్ పోతున్న, మా అక్క పెండ్లి. ఐదింటికొచ్చి కెమెరా తీస్కుంట. నీ ఫోటోలు జల్ది తీస్కో, పెండ్లి ఫోటోలకు జాగ లేదు, లేకుంటే మొత్తం డిలీట్ కొడ్త."

మా కంప్యూటర్ని నడిపేది లినక్సు. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ చూసి, అంతకుముందు ఉన్నదాన్ని పూర్తిగా చెరిపేసి, దీన్ని ఎక్కించింది నేనే. ఆ తర్వాత ప్రింటరు, పాటలు, మా ఆవిడ ఆడుకునే పేకాట పనిచేయలేదు. అవి తప్ప అంతా బాగుందని అందరికీ చెబుతూ వచ్చాను.

"స్టేషన్ ఎదురుగా నెట్ సెంటరుంది కదండీ. సీడీ చేసి ఇస్తారు," అంది మా ఆవిడ.

"ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని బయటికెళ్లడమా?"

"ప్రింటర్ పెట్టుకుని వెళ్లట్లేదూ?"

దాంతో నాకు పట్టుదల పెరిగింది.

కెమెరా కేబులు పొట్టిది. కంప్యూటర్ పెట్టె వెనక గుచ్చితే కెమెరా కిటికీ గట్టు దాకానే వచ్చింది. ఆ గట్టు పక్క కుర్చీలో అమ్మ కందిపప్పులో రాళ్లేరుతోంది. ఆ ఫోటోలు వచ్చేదాకా ఆ కుర్చీ వదిలేలా లేదు. కెమెరా ఆన్ చేశాను. పచ్చ లైటు వెలిగింది. ఇటు తిరిగి నల్ల తెర మీద చూస్తే, కెమెరా దొరికిందని ఒక వరుస కనబడింది. నేను ఆనందించేలోపు దాని కిందే, కెమెరా పోయిందని ఇంకో వరుస. వెనక్కి తిరిగితే లైటు ఆరి ఉంది.

మళ్లీ వెలిగించాను. దొరికింది, పోయింది. కేబులు ఇంకో రంధ్రంలోకి మార్చాను. దొరికింది, పోయింది. ఇది కరెంటు చాలని రోగమని నిర్ధారించాను. ఇంటర్నెట్టులో అడిగితే, ఏ దేశం వాడో, నీ కెర్నెల్ పాతది, కొత్తది తయారుచేసుకో అన్నాడు. కెర్నెల్ అంటే లినక్సుకు గుండెకాయ. కెమెరా కోసం గుండె మార్చడం అతిగా తోచలేదు. అది తయారవడానికి భోజనాల వేళ దాటింది. అన్నం కంప్యూటర్ బల్ల దగ్గరికే తెప్పించుకున్నాను. కొత్త గుండెతో కంప్యూటర్ లేచి, పాత మాటే చెప్పింది. దొరికింది. పోయింది.

"రాకపోతే పోనీలేరా," అంది అమ్మ, చేటలోంచి తల ఎత్తకుండా. ఆ గొంతు వింటే పోనిచ్చేలా లేదు.

చెప్పిన వేళకు మిత్రుడు రానే వచ్చాడు. కిటికీకి ఎదురుగా సోఫాలో కూర్చున్నాడు.

"ఏందన్నా, ఇంకా అయితలేదా? నాకు ట్రైనుంది."

"ఆఖరి ప్రయత్నం," అని కెమెరా ఆన్ చేసి, తెర వైపు తిరిగాను. దొరికింది.

"ఆంటీ!" అని వెనకనుంచి మిత్రుడి కేక. "గదెందుకు బంద్ చేసిన్రు?"

అమ్మ వేలు ఇంకా బటన్ మీదే ఉంది. తెర మీద ఆ వరుస కిందే, పోయింది.

"వాడు అటు తిరిగి కంప్యూటర్ చూసుకుంటున్నాడు కదా నాయనా, ఇదేమో ఊరికే వెలుగుతోంది. సెల్స్ అయిపోతే మా పిల్లలు పోరూ?"

"పొద్దున్నుంచీ నువ్వేనా?" అన్నాను.

"నువ్వు వెలిగించి వదిలేసినప్పుడల్లా."

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి అక్కడ నవ్వింది. మిత్రుడికి ఆ మాత్రం మర్యాద లేదు.

"అన్నా, ఇంజను మొత్తం ఇప్పినవ్, డ్రైవర్ని అడగలే!"

ఈసారి అమ్మ రెండు చేతులూ చేటలో పెట్టుకుని కూర్చుంది. పచ్చ లైటు వెలుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకు ఎంత కష్టమో ముఖంలో తెలిసింది. ఫోటోలు ఒక్కొక్కటే కంప్యూటర్లోకి దిగాయి. మిత్రుడు కెమెరా జేబులో వేసుకుని కూడా, వెళ్లకుండా నిలబడి చూశాడు. అమ్మ కళ్లజోడు తుడుచుకుని తెర దగ్గరికి కుర్చీ లాక్కుంది. పిల్లల ముఖాలు ఇప్పుడు అరచేతంత ఉన్నాయి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. మెడలో దండతో ఉన్న తనని మాత్రం పట్టించుకోలేదు.

చివరిది, అందరూ వెళ్లిపోయాక గుమ్మంలో నిలబడి నేను తీసిన ఖాళీ గది. బల్లలు, నల్లబల్ల, పైన రెక్కలు కనబడకుండా మసకగా గుండ్రంగా ఏదో. అమ్మ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని దాన్ని చూసింది. బాగా తీశానంటుందని ఎదురుచూశాను.

"ఆఖర్న బయటికొచ్చింది నువ్వే కదా," అంది. "ఫ్యాను ఆపలేదు."