భూమేషన్న హోమీలు

బహ్రెయిన్‌లో సీఫ్ అనే పేటలోని ఒక జిమ్‌లో భూమేషన్నది క్లీనింగ్ పని. ఊరు జగిత్యాల దగ్గర. పదమూడేళ్లుగా ఇక్కడే ఉన్నా, ఫోన్‌లో ఎవరడిగినా "దుబాయిల ఉన్న" అనే చెప్తాడు. నేను అదే జిమ్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను.

మార్కస్ అని ఒక నల్లజాతి అమెరికన్ వస్తుంటాడు. ఒకరోజు భూమేషన్న టవల్ అందిస్తే భుజం తట్టి, "థ్యాంక్యూ, హోమీ" అన్నాడు.

"గదేంది తమ్మీ, తిట్టిండా?" అంటూ భూమేషన్న నా దగ్గరికొచ్చాడు.

నాకు ఇలాంటి మాటలంటే పిచ్చి. వెంటనే అందుకున్నా. అమెరికాలో దక్షిణాది పల్లెల నుంచి నల్లవాళ్లు బతుకుదెరువుకి ఉత్తరాది నగరాలకు పోయారు. అక్కడ సొంతూరి మనిషి కనబడితే 'హోంబాయ్' అనేవాళ్లట. అదే అరిగి హోమీ అయింది. పోను పోను ఊరి పట్టింపు పోయి నమ్మకం మిగిలింది. ఇప్పుడు దోస్తు ఎవడైనా హోమీయే.

"అంటే మనూరోడన్నట్టు! ఆళ్లు గూడ మన లెక్కనే బతకవోయినోళ్లేనా!" భూమేషన్న మొహం విచ్చుకుంది.

ఆ వారమంతా పాకిస్తానీ డ్రైవర్ హోమీ, బెంగాలీ వాచ్‌మన్ హోమీ, జ్యూస్ కౌంటర్‌లో ఫిలిప్పీన్స్ అమ్మాయి కూడా హోమీయే. నా పాఠం ఇంత బాగా ఎక్కినందుకు తెగ మురిసిపోయాను.

గురువారం అసలు ఊరోడే వచ్చాడు, లింగన్న. ఇక్కడే కర్జకాన్ అనే ఊళ్లో చేస్తున్న పని పోయింది. నెలాఖరులోగా ఇంకోటి దొరక్కపోతే ఇంటికే. జిమ్‌లో ఒక ఖాళీ ఉంది. కానీ మా దగ్గరో పద్ధతి: ఊరివాడు పూచీ ఉంటేనే తీసుకుంటారు. మనిషి పారిపోతే పూచీ ఉన్నవాడి సెలవు ఖలాస్. భూమేషన్నకేమో నాలుగేళ్ల తర్వాత వచ్చే నెలే సెలవు.

"మీ ఊరేనా, భాయ్?" అని మేనేజర్ అడిగాడు.

భూమేషన్న తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తూ, "కాదు సార్. మా జిల్లా గూడ కాదు" అన్నాడు.

లింగన్న నోరు తెరిచాడు. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు మరి.

ట్రెడ్‌మిల్ మీద నుంచి మార్కస్ దిగొచ్చాడు. అంతకు గంట ముందు పార్కింగ్‌లో అతని కారు టైరు మార్చిపెట్టింది లింగన్నే. "వీడు నా హోమీ. పూచీ నాది" అన్నాడు. అతనికి లింగన్న పేరు కూడా తెలీదు. మేనేజర్‌కి కస్టమర్ మాట చాలు.

ఆదివారం లింగన్న డ్యూటీ ఎక్కాడు. పని నేర్పాల్సింది భూమేషన్నే. "బకెట్ల మందు రెండు మూతలే పొయ్యాలె, ఎక్కువైతే జారుతది" అని చెప్పాడు, నేల చూస్తూ.

లింగన్న మహా మర్యాదగా తలూపాడు. "మంచిదన్నా. ఇంతకు మీది ఏ ఊరు?"