మీగడ రంగు బూట్లు, నీలం పాదాలు

ఆ రోజుల్లో ప్యాంటు అంచు పోగులు లేచిందంటే ఆ మనిషికి ఏదో కష్టం వచ్చిందని అర్థం. ఎదురొచ్చినవాళ్లు ముందు అంచు చూసి, తర్వాత ముఖం చూసి, "ఇంట్లో అందరూ బానే ఉన్నారా?" అని మెల్లగా అడిగేవారు. ఇప్పుడు మా కాలేజీ పిల్లలు ఆ పోగుల కోసమే ప్రత్యేకంగా వెతికి మరీ కొనుక్కుంటున్నారు. పుట్టుకతోనే చిరిగిన ఆ ప్యాంట్లను చూసినప్పుడల్లా, ఒక అంచునీ ఒక జత బూట్లనీ కాపాడటానికి నేను పడిన పాట్లు గుర్తొచ్చి, తొందరపడి పుట్టేశాననిపిస్తుంది.

అప్పుడు నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, బాపట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరిన కొత్త. ఇల్లేమో రేపల్లె. మ్యాపులో చూస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. బస్సెక్కితే నాకు కడుపులో తిప్పేది కాబట్టి (నాతో ఒకసారి ప్రయాణం చేసినవాళ్లు రెండోసారి నా పక్కన కూర్చునేవారు కాదు) రైలే గతి. రైలేమో రేపల్లె నుంచి తెనాలి దాకా పైకి వెళ్లి, అక్కడ మనల్ని దింపేసి, ఇంకో రైలెక్కి మళ్లీ కిందికి బాపట్ల రమ్మంటుంది. పక్కింటికి వెళ్లడానికి ఊరంతా తిరిగినట్టు. మొదటి రైలు భట్టిప్రోలు దగ్గర ఆగి ఆలోచించుకునేది, రెండోది తెనాలిలో నా కోసం ఆగేది కాదు. పదే పదే ఆలస్యమయ్యేసరికి ప్రిన్సిపాల్‌గారు ఒకరోజు పిలిచి, ఎంతో మర్యాదగా, "ఇంకొక్కసారి మీకంటే బెల్లు ముందొచ్చిందంటే, వేరే కెమిస్ట్రీ సార్ని చూసుకుంటామండి" అన్నారు. అంటే బాపట్లలో గది దొరకాలి, లేదా ఉద్యోగం పోవాలి. మూడో దారి లేదు.

పెళ్లికాని మగవాడికి గది ఇచ్చే ఇల్లు ఆ ఊళ్లో ఒక్కటే ఉందని మా డ్రిల్లు మాస్టారు కనిపెట్టాడు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ, డాబా మీద ఒంటరి గది. "కానీ సారూ, ఆవిడ చదువు చూడదు, కులం చూడదు, బూట్లు చూస్తది. మడమలు తిరగేసి మరీ చూస్తది. నన్ను గేటు దగ్గర్నుంచే పంపేసింది" అన్నాడు దిగులుగా. అతని బూట్లు చూశాను. ఆవిడ తప్పేం కనిపించలేదు. ఊళ్లో బ్రహ్మచారులంతా ఆవిణ్ణి 'మడమల టీచరమ్మ' అంటారట. ఆదివారం చర్చి నుంచి తను ఇంటికొచ్చాక మధ్యాహ్నం రమ్మని ఆవిడ కబురు చేసింది.

బూట్ల విషయంలో నాకు ధైర్యం ఉంది. ఈస్టర్‌కి మా బావ హైదరాబాదు నుంచి ఒక జత తెచ్చాడు. మెత్తటి తోలు, పాల మీద మీగడ రంగు. వాటిని వేసుకుని నడవడం కంటే బీరువాలో పెట్టి చూసుకోవడమే ఎక్కువ చేశాను. చిక్కంతా ప్యాంట్లతో వచ్చింది. ఉన్నవన్నీ తెనాలి ప్లాట్‌ఫారాన్ని ఊడ్చి ఊడ్చి, అంచులు చీపుళ్లయిపోయాయి. మిగిలింది ఒక్కటే, కొత్త జీన్సు, ముదురు నీలం. దాన్ని తీసుకుని తెనాలి స్టేషన్ రోడ్డులో టైలరు కొట్టు నడిపే మా మేనమామ దగ్గరికి వెళ్లాను.

మావయ్య బెల్‌బాటమ్‌ల కాలం మనిషి. ఆ కాలం ఇంకా అయిపోలేదనే నమ్మకం ఆయనది. "ఒరేయ్ అల్లుడూ, ఉతికితే పొట్టవుద్ది, కాస్త పొడుగు వదులుతున్నా. కిందకి జారిద్దిగా, అంచు అరక్కుండా లోపల జిప్పు కుట్టేస్తా. మా రోజుల్లో అంచుకి జిప్పు లేకుండా రోడ్డెక్కిన మగాడు లేడు" అన్నాడు. అంచు లోపలి వైపు, మడమ దగ్గర, ఇత్తడి పళ్ల జిప్పు ముక్క కుట్టాడు. అంచు ఇంక జన్మలో అరగదు. ఇంటికొచ్చి బూట్లతో కలిపి వేసుకుని నాలుగడుగులు వేసి చూస్తే, అంచు భద్రంగానే ఉంది. జిప్పు పళ్లు మాత్రం బూటు మడమని కొరుక్కు తింటున్నాయి. పైగా జీన్సు తగిలినచోట మీగడ మీద నీలం చార పడింది. చెమటోడ్చి ఆ చార తుడిచాక నాకు తెలిసిందేమిటంటే, అంచుని కాపాడితే బూటు పోతుంది, బూటుని కాపాడితే అంచు పోతుంది.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసి, "రంగు దిగుతోందిరా. ఓసారి ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతికేస్తా, ఇటియ్యి" అంది.

"ఉతికితే పొట్టవుతుందని మావయ్య చెప్పాడుగా. అయినా ఎమ్మెస్సీ చదివినవాడికి ఉప్పు గురించి చెప్పకమ్మా" అన్నాను. అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. (మా అమ్మ మౌనంలో ఎంత సమాచారం ఉంటుందో తర్వాత్తర్వాత గానీ నేర్చుకోలేదు.)

నా ఉపాయం నాకుంది. ఆదివారం పొద్దున్నే జీన్సు అంచుల్ని నల్ల సాక్సుల్లోకి దోపాను. దాంతో అంచు నేలకి తగలదు, బూటుకీ తగలదు. దారిలో దుమ్మూ బురదా పడకుండా బూట్ల మీదుగా మోకాళ్ల కింది దాకా బట్టల కొట్టు కవర్లు తొడిగి, రబ్బరు బ్యాండ్లు బిగించాను. అద్దంలో చూసుకుంటే పై సగం కెమిస్ట్రీ లెక్చరర్‌లా, కింది సగం పార్సిల్‌లా ఉన్నాను. జూన్ మొదట్లో ఎండ, ఆదివారం రైలు, కిటికీ దొరకలేదు. ఎదురు సీట్లో ఒక ముసలమ్మ నా కాళ్లకేసి చాలాసేపు జాలిగా చూసింది.

"ఏంటయ్యా, కాళ్లకేమైంది? పుండ్లా?"

"కాదండి. బూట్లు."

"బూట్లకేమైంది?"

"ఏం కాలేదండి. కాకుండా ఉండాలని."

"మా ఇంటాయనకి షుగరొస్తే కూడా ఇంత జాగర్త పళ్లేదు నాయనా" అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. తెనాలిలో రైలు మారేటప్పుడు టీ అమ్మే అతను కూడా దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద అంత గౌరవం నాకు అంతకు ముందెన్నడూ దక్కలేదు. లోపల మాత్రం కాళ్లు ఉడికిపోతున్నాయి. చెమట ధారగా కిందికి దిగుతోంది. త్యాగం లేకుండా గది దొరకదని సర్దిచెప్పుకున్నాను.

బాపట్ల స్టేషన్ బయట కవర్లు విప్పి మడిచి సంచిలో పెట్టుకున్నాను. అంచుల్ని సాక్సుల్లోంచి లాగి దులిపాను. బూట్లు పెట్టెలోంచి తీసినట్టున్నాయి. అంచు మీద పోగు లేవలేదు. ఆ గెలుపు చెడకుండా ఆటోలో వెళ్లి, గేటు ముందు రెండు అంచుల్నీ చేత్తో పట్టుకుని దిగాను.

టీచరమ్మగారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లచీర, కళ్లజోడు. నా ముఖం చూడలేదు.

"ఎవరివా బూట్లు?"

"నావేనండి."

"పెళ్లివాళ్ల దగ్గర అడిగి తెచ్చినవి కాదుగా? విప్పి ఇటివ్వు."

ఇచ్చాను. తిరగేసి, కళ్లజోడు పైకి తోసి, అడుగు చూశారు. "ఎడం మడమ బయటవైపు కొంచెం అరిగింది. ఒక పక్కే అరగదీసేవాడు గది కూడా ఒక పక్కే ఊడుస్తాడు. పర్లేదులే, ఇది ఇంకా మొదట్లోనే ఉంది. తోలు బాగా ఉంచావు" అన్నారు. ఆ మాటకి నేను ఒక అంగుళం పెరిగి ఉంటాను. "సాక్సులు కూడా విప్పి అక్కడ పెట్టు. చెమట సాక్సులతో లోపలికి రానివ్వను. టైల్స్ మొన్ననే వేయించాను."

విప్పాను. చూపు ఆవిడ ముఖం మీదే ఉంచాను, ఇంటర్వ్యూల్లో అలా ఉంచాలని విన్నాను. ఆవిడ ముందు నడుస్తూ, నేను వెనక నడుస్తూ, వరండా, హాలు, భోజనాల గది, వంటగది పక్కనుంచి వెనక మెట్ల దాకా వెళ్లాం. టైల్స్ తెల్లగా మెరుస్తున్నాయి.

"గోడకి మేకులు కొట్టకూడదు."

"కొట్టనండి."

"ఎండుచేపలు వేయించకూడదు. తినాలనిపిస్తే కింద నాకు చెప్పు, నేను వేయిస్తాను."

"అలాగేనండి."

"రేపట్నుంచే దిగొచ్చు" అంటూ ఆవిడ వెనక్కి తిరిగారు. తిరిగినవారు అలాగే ఆగిపోయారు. నేనూ తిరిగి చూశాను.

వరండా నుంచి నా కాళ్ల దాకా, ఒక్క అడుగూ తప్పకుండా, నీలం పాదాలు. అయిదేసి వేళ్లతో, ఎడమ, కుడి, ఎడమ, కుడి. జీన్సు రంగంతా చెమటలో కలిసి, సాక్సుల్లోకి దిగి, అక్కణ్ణుంచి నాకు పట్టింది. బూట్ల పైభాగాన్ని కాపాడాను, అంచుని కాపాడాను. మధ్యలో కాళ్లు ఉంటాయన్న సంగతి లెక్కలోకి రాలేదు.

"ఏంటివి?"

"ఇండిగో అండి" అన్నాను. భయంలో కూడా సబ్జెక్టు మర్చిపోలేదు.

సరిగ్గా అప్పుడే పెరటి గోడ మీదుగా పక్కింటావిడ తొంగిచూసింది. "టీచరమ్మగారూ! మీ ఇంట్లో కృష్ణాష్టమి ఎప్పట్నుంచండీ?"

"మీ కృష్ణుడు పసివాడు గదమ్మా, ఈయనది తొమ్మిదో నెంబరు బూటు" అన్నారు టీచరమ్మగారు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. తర్వాత ఒక బకెట్టూ గుడ్డా నా ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గది సంగతి ఎత్తలేదు. ఎత్తే ధైర్యం నాకూ లేదు. నా కళ్లముందు ప్రిన్సిపాల్‌గారూ, ఆయన మర్యాదా కదలాడుతున్నాయి.

తుడవడం మొదలుపెట్టాను. ఒక పాదం తుడిచి జరిగితే, నా తడికాలు పక్కన కొత్త పాదం వేస్తోంది. పాతవి లేతగా ఉన్నాయి, కొత్తవి చిక్కగా ఉన్నాయి. ఉన్న పాదాలు రెట్టింపయ్యాయి. పక్కింటావిడ గోడ దగ్గరికి స్టూలు తెచ్చుకుంది. "కాళ్లు కడుక్కో బాబూ" అంది. కడుక్కున్నాను. లేత నీలం అయింది గానీ పోలేదు.

అప్పుడు నాకు సంచి గుర్తొచ్చింది. వెళ్లి బట్టల కొట్టు కవర్లు తీసి, ఉత్తకాళ్లకి తొడుక్కుని, రబ్బరు బ్యాండ్లు బిగించాను. పొద్దుటి నుంచీ లోకం నుంచి నన్ను కాపాడిన కవర్లు ఇప్పుడు నా నుంచి లోకాన్ని కాపాడాయి. గరగరలాడుతూ వంటగది నుంచి హాలు దాకా, మూలలతో సహా తుడిచాను. తలెత్తి చూస్తే టీచరమ్మగారి కళ్లజోడు ముక్కు మీద ఎగురుతోంది. చీర కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్‌లు అలా నవ్వుతారని నాకు తెలియదు.

"రెండు పక్కలా ఊడుస్తావన్నమాట. రేపు సామాను తెచ్చుకో" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "ఆ ప్యాంటు మాత్రం తేవద్దు."

పెళ్లయ్యేదాకా ఆ డాబా మీదే ఉన్నాను. బెల్లు మళ్లీ ఎన్నడూ నాకంటే ముందు రాలేదు. మీగడ బూట్లు బయటికి మీగడగానే ఉండిపోయాయి, లోపలంతా నీలం. ఎప్పుడు వేసుకున్నా కాళ్లు నీలంగా పండేవి, ప్రతిసారీ ఇంకాస్త లేతగా.

ఒక్క గుర్తు మాత్రం పోలేదు. గుమ్మం దగ్గర రెండు టైల్స్ మధ్య సందులో నా ఎడమకాలి బొటనవేలు ముద్ర ఉండిపోయింది. ఆవిడ దాని మీద మనీప్లాంట్ కుండీ పెట్టారు. మొన్న క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వెళ్లినప్పుడు ఎవరో కుండీ పక్కకి జరిపారు, అది కనిపించింది. చుట్టూ చూసి, రబ్బరు చెప్పు విప్పి, దాని మీద వేలు ఆనించాను. సరిపోలేదు. నా వేలు ఇప్పుడు దాన్ని పూర్తిగా కప్పేస్తోంది. ఇంత సన్నటి వేలితో అంత భయం ఎలా మోశానో అనిపించింది.

"చూసింది చాలు గానీ, ఆ చెప్పు ఇటు తిరగెయ్యి" అన్నారు టీచరమ్మగారు, మంచం మీంచే. తిరగేశాను. కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఎడమదే. బయటవైపే. ఇన్నేళ్లూ గది ఎలా ఊడ్చావో!"