రాతి మీద తడి కాగితం

నాకు చేయి దురుసు. అది దాచుకుని రాస్తే ఈ కథ రాయడమే దండగ. తిరుపతిలో పాత శాసనాలకు నకళ్లు తీసే ఒక చిన్న సంస్థలో పనిచేసినన్నాళ్లూ పని చేసింది ఆ చేత్తోనే, కింద ఉన్నవాళ్లను కొట్టిందీ ఆ చేత్తోనే. నాకు పని నేర్పిన ముసలాయన ఇంకా దురుసు. ఆయన విసిరిన మసిబుడ్డి తగిలిన మచ్చ ఇప్పటికీ నా కనుబొమ మీద ఉంది. కొట్టకుండా పని ఎలా వస్తుందో నాకు నిజంగా తెలియదు.

డెబ్బైల చివర్లో, చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్ల కోసం సర్కారు ఒక పథకం పెట్టింది. మాలాంటి సంస్థలు వాళ్లను ఏడాదిపాటు చేర్చుకుని పని నేర్పితే, వాళ్ల భత్యంలో ముప్పావు వంతు సర్కారే ఇస్తుంది. మా కార్యదర్శికి పండగే పండగ. ఎంపిక నాకు అప్పగించాడు. చరిత్రలో బి.ఏ. చదివిన ఒక కుర్రవాణ్ణి తీసుకున్నాను. తండ్రి లేడు. తల్లి తిరుచానూరు గుడి దగ్గర పూలు కట్టి అమ్మేది. ఏడాది చివర నేను పనికొస్తాడని రాసిస్తే వాడికి మా దగ్గరే ఉద్యోగం ఖాయమవుతుంది. అందుకే ఏమన్నా పడేవాడు. మేమందరం హాజరుపట్టీలో సంతకం పెట్టేవాళ్లం. పథకం కింద వచ్చినవాడు కాబట్టి, వాడు మాత్రం విడి కాగితం మీద పెట్టేవాడు.

నకలు తీయడమంటే, రాతిని బాగా తోమి, తడి కాగితం పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కుచ్చు బ్రష్షుతో కొట్టాలి. కాస్త ఆరాక మసి అద్దాలి. ఈలోగా కాగితాన్ని వదిలి కదలకూడదు, గాలికి లేస్తే చిరుగుతుంది. చేరిన రెండో వారంలో వాడు మంచినీళ్లకని లేచి వెళ్లాడు. కాగితం చిరిగింది. బ్రష్షు కర్రతో వాడి మెటికల మీద రక్తం వచ్చేదాకా కొట్టాను.

"పాణం పోయినా తడి కాయితం ఇడిసిపెట్టగూడదు, తెలిసిందా?"

"తెలిసింది సార్."

పూతలపట్టు దాటి లోపలికి వెళితే చెరుకుతోట గట్టున ఒక శాసనం ఉందని తెలిసి, ఒకరోజు ఇద్దరం బస్సెక్కాం. ఆ రాయికి పసుపు, కుంకుమ దట్టంగా పూసి ఉన్నాయి. అలాంటి చోట ఊరి పెద్దను పిలిచి, ఆయన చేత టెంకాయ కొట్టించి, అడిగి పని మొదలుపెట్టడం మా పద్ధతి. ముసలాయన మాకు నేర్పిన మంచి ఏదైనా ఉంటే అదొక్కటే. ఆ రోజు బస్సు ఆలస్యం, ఎండ మాడ్చేస్తోంది, కడుపులో ఏమీ లేదు. నాకు ఒళ్లు మండిపోతోంది.

"సార్, ఊళ్లో ఎవురినన్నా అడిగొస్తా," అన్నాడు.

"నోరు మూసుకోని తోము."

తోమాడు. పసుపునీళ్లు కాలవలోకి పారాయి. కాగితం పరిచి కొడుతుండగా, కలుపు తీస్తున్న ఒకామె చూసి కేక పెట్టింది. పదిమంది పరుగున వచ్చారు. చేతుల్లో కర్రలు, పారలు, ఒకడి చేతిలో చెరుకు నరికే కత్తి.

"నిధి కోసరం అమ్మను పెరకతా ఉండారు!"

నేను వెనక్కి జరిగాను. వాడు జరగలేదు. రెండు అరచేతులూ కాగితం మీద పెట్టి అలాగే కూర్చున్నాడు. ఒకడు నా కాలరు పట్టుకున్నాడు.

"ఎవురప్పా నువ్వు? ఆడుండేవోడు నీ మనిసేనా?"

"మావోడు కాదు," అన్నాను. "సర్కారు స్కీములో వచ్చినోడు. తోమొద్దంటే ఇనలేదు."

కాలరు వదిలేశాడు. అందరూ వాడి మీద పడ్డారు. పారకర్ర వీపు మీద పడిన చప్పుడు, మా బ్రష్షు తడి కాగితం మీద పడే చప్పుడులాగే ఉంది. ముక్కు పగిలింది. చెవి వెనక తోలు లేచింది. వాడు చేతులు తీయలేదు. మోచేతి కింద ఎముక విరిగాకే ఆ చేయి రాతి మీదినుంచి జారింది. నేను అరవలేదు. అడ్డం పోలేదు. చెరుకు మొదళ్ల దగ్గర నిలబడి చూశాను.

ఊరి పెద్ద వచ్చి ఆపాడు. "అడిగుంటే నేనే టెంకాయ కొట్టించేవాణ్ణి గదప్పా," అన్నాడు నాతో. వాణ్ణి తన ట్రాక్టరులో పెద్దాసుపత్రికి చేర్చిందీ ఆయనే.

మర్నాడు మధ్యాహ్నం వాడికి తెలివి వచ్చింది. నన్ను చూశాడు.

"కాయితం సినిగిందా సార్?"

"లేదు," అన్నాను. అది నాలుగు ముక్కలైంది.

మంచం పక్కన తల్లి ఉంది. ఊరి పెద్ద తనవాళ్ల దగ్గర విన్నదంతా ఆమెకు చెప్పేశాడని నాకు తెలియదు. "నీ కొడుకు మావోడేనమ్మా, ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది," అన్నాను. ఆమె లేచి నా చెంప పగిలేలా కొట్టింది. రోజంతా నార ముడులు బిగించే చేయి అది. నా చేయి కూడా లేచింది. సిగ్గుతో చెబుతున్నాను, అప్పుడు కూడా లేచింది.

"కొట్టు," అంది. "మావోడని ఆడ అడిగినప్పుడు సెప్పకుండా, ఈడ నాకు సెప్తావా?"

చేయి దించుకుని బయటికి వచ్చాను. ఏడాది చివర పనికొస్తాడని రాసి పంపాను. వాడు రాలేదు. విడి కాగితం మీద వాడి సంతకాలు పూతలపట్టు వెళ్లిన రోజుతో ఆగిపోయాయి.